నారింజ జ్వరం

ప్లేఆఫ్ వచ్చిందంటే పలాసలో నారింజ చొక్కాలే చొక్కాలు. జట్టు పేరేమో హైదరాబాద్. ఆ ఊరు 2014 నుంచి పక్క రాష్ట్రం. పోనీ విశాఖ మైదానం దగ్గరే కదా అంటే, 2024లోనూ 2025లోనూ దాన్ని ‘సొంతగడ్డ’ అన్నది ఢిల్లీ జట్టు! మన సొంతగడ్డ టీవీ ముందు పరిచిన చాప. అదీ కరెంటుంటేనే.

2000లో సిడ్నీలో కంచు పతకం తెచ్చిన కరణం మల్లీశ్వరిది మన జిల్లా ఊసవానిపేటే. ఆమె పేరున్న చొక్కా అడిగి చూడండి, కొట్టువాడు “ఏ టీమండీ?” అంటాడు.

2024లో బెంగళూరు మీద 287 బాదిన వీరులు ఫైనల్లో 113కే చాప చుట్టేశారు. టెక్కలి టీకొట్టు దగ్గర కమిన్స్‌కి అక్షింతలే అక్షింతలు: “టాస్ గెలిచి బ్యాటింగేటిరా బాబూ!” సరిగ్గా ఆ రోజుల్లోనే ఏటా ఉద్దానంలో జీడిపిక్కల బేరం. 80 కిలోల బస్తాకి ధర కట్టేది కొనేవాడే. ఆ టాస్ ఎప్పుడేశారో, నాణెం ఎవడి జేబులోదో అడిగిన అభిమాని ఇంతవరకూ కనబడలేదు.