పాల ప్యాకెట్ ఫిల్ముకు ఫస్ట్ క్లాసు రిపోర్టు: ల్యాబు కుర్రాళ్లకు చిట్కాలు

పాల ప్యాకెట్ ఫిల్ము ఊదే ఫ్యాక్టరీలో ల్యాబు ఉద్యోగం దొరికిందా? శుభం. ఏసీ గది, తిరిగే కుర్చీ, రెండు పూటలా టీ. పరీక్షలు చేసి ఆ సుఖాన్ని పాడుచేసుకోకండి. ఈ చిట్కాలు పాటిస్తే రోలు ఎలా ఏడ్చినా రిపోర్టు మాత్రం నవ్వుతూనే ఉంటుంది.

1. ముందు రిపోర్టు రాయండి. కస్టమర్ స్పెక్ షీటు పక్కన పెట్టుకుని, అడిగినదానికన్నా కాస్త ఎక్కువ వేయండి. రౌండ్ ఫిగర్లు వద్దు. పాయింటు తర్వాత ఒక 7 పడితే చూసేవాడికి గురి కుదురుతుంది. పాల ప్యాకెట్ల ప్రమాణం ఐఎస్ 11805 ప్రతిని పారేయకండి, టీ గ్లాసు కిందికి పనికొస్తుంది.

2. శాంపిల్‌ను 23 డిగ్రీల్లో, 50 శాతం తేమలో కనీసం 40 గంటలు ఉంచాలంటారు. మిషన్ మీంచి వేడివేడిగా దిగినదాన్నే తెచ్చి, రిజిస్టరులో మొన్నటి తేదీ వేయండి. పాలిథీన్ వేడికి మెత్తబడుతుంది, అంటే బలం తగ్గి సాగుడు పెరుగుతుంది. కాబట్టి టెన్సైల్ తక్కువొస్తే ఏసీ 18కి దించండి. ఎలాంగేషన్ తక్కువొస్తే ఏసీ కట్టేసి తలుపు తెరవండి, మే నెలలో మిగతా పని ఎండే చూసుకుంటుంది. ఒకే కాగితంలో రెండు కాలాలున్నాయని ఏ ఆడిటరూ పసిగట్టలేడు.

3. అసలు విద్యంతా మందం దగ్గరుంది, దీన్ని శ్రద్ధగా నేర్చుకోండి. టెన్సైల్ బలమంటే స్ట్రిప్ తెగేదాకా భరించిన లోడును దాని వెడల్పుతో, మందంతో భాగించడమే. అందుకని 55 మైక్రాన్ల ఫిల్మును 50 అని రాయండి. బలం ఉన్నపళాన పది శాతం పెరుగుతుంది. రెజిన్ మార్చలేదు, మిషన్ ముట్టుకోలేదు, పెన్ను ఒక్కటే కదిలింది. అబద్ధం రాయడానికి మనసొప్పకపోతే దానికీ మార్గముంది. బుడగలా ఊదిన ఫిల్ముకు చుట్టూ ఒకే మందం ఉండదు. గేజి పట్టుకుని ఆ కొస నుంచి ఈ కొసకు వెతికితే ఎక్కడో ఒకచోట 50 తగులుతుంది. అక్కడ కొలవండి, దిట్టంగా ఉన్నచోట స్ట్రిప్ కోయండి. కొలిచిందీ నిజమే, కోసిందీ నిజమే. మధ్యలో ఉన్న జానెడు దూరం గురించి రిపోర్టులో గడి లేదు.

4. ఏఎస్‌టీఎం డీ 882 ప్రకారం పొడవువాటాన అయిదు, అడ్డంగా అయిదు స్ట్రిప్పులు లాగాలి. రెండు లాగి మిగతావి ఊహించుకోండి. బ్లేడు మాత్రం ఏడాదికోసారి కూడా మార్చకండి. మొద్దు బ్లేడు అంచు మీద గాట్లు పెడుతుంది, తెగుడు ఆ గాటు దగ్గరే మొదలవుతుంది, అంకె పడిపోతుంది. పడిపోయిన ప్రతి అంకెకూ "గ్రిప్ దగ్గర తెగింది" అని రాసి కొట్టేయండి. నచ్చని రీడింగును సాగనంపడానికి ఇంత మర్యాదైన మాట మరొకటి లేదు. మిషన్ స్పీడు కూడా పెంచండి. గబుక్కున లాగితే ఫిల్ము బలం ఎక్కువ చూపిస్తుంది, షిఫ్టూ తొందరగా తెములుతుంది.

5. ఏ దిశలో పరీక్షించారో రాయకండి. ఈ ఫిల్ము సాధారణంగా పొడవువాటాన తేలిగ్గా చిరుగుతుంది, అడ్డంగా మొండికేస్తుంది. చిరుగుడుకు అడ్డం అంకె, టెన్సైల్‌కు నిలువు అంకె వేయండి.

6. డార్ట్ పరీక్షలో 38 మిల్లీమీటర్ల గుండ్రటి తలను 66 సెంటీమీటర్ల ఎత్తునుంచి వదలాలి. వదలండి, పాపం. ఆ తర్వాత ఫిల్మును వెలుతురుకు ఎత్తి మాత్రం చూడకండి. చూస్తే సూదిమొనంత చిల్లు కనిపిస్తుంది, అది ఫెయిలు కింద లెక్క.

7. సీలు బలానికి స్ట్రిప్పును నడిమధ్యలోనే కోయండి. నిలువు సీలు, అడ్డం సీలు కలిసే మూల జోలికి పోకండి. పాలు కారేది అక్కడే కదా అని ఎవరైనా అంటే, మనం కొలిచేది బలం, కారడం వేరే శాఖ అనండి.

8. జారుడు పరీక్షకు పోయిన వారం రోలు ముక్క ఒకటి డ్రాయరులో దాచండి. స్లిప్ మందు మెల్లగా పైకి తేలుతుంది గనక పాత ఫిల్ము కొత్తదానికంటే నున్నగా జారుతుంది. ఆ ముక్కే ఏడాదంతా అన్ని బ్యాచ్‌లకూ చాలు.

9. కాలిబ్రేషన్ ఖర్చు దండగ. దసరాకు మిషన్‌కు పసుపు రాసి బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టండి. నీళ్లు లోడ్ సెల్ మీద పడి జీరో జరిగితే, అది అమ్మవారి ఇష్టం.

10. ఒకనాటి తెల్లారుజామున డెయిరీ నుంచి ఫోనొస్తుంది. క్రేట్ల నిండా పాలేనని, ఏజెంటు కొట్టు ముందు కాలవ కట్టాయని. కంగారెందుకు? ముందు క్రేటు మీదికి తోయండి, అడుగున ములుకు పొడుచుకుందనండి. ఒప్పుకోకపోతే వాళ్ల సీలింగ్ టెంపరేచరు, అదీ కాకపోతే రెజిన్ సప్లయరు, డ్రైవరు, గోతుల రోడ్డు. దాచిన శాంపిల్ చూపించమంటే ఎలుకలు కొట్టేశాయనండి. రోళ్లు వెనక్కొస్తే లేబుల్ చించి, కొత్త బ్యాచ్ నంబరు అంటించి మరో డెయిరీకి పంపండి. రిపోర్టు మళ్లీ టైపు కొట్టక్కర్లేదు, పైన తేదీ మారిస్తే సరిపోతుంది.