షట్టర్ కౌంట్ నాలుగు వేలే!

1975లో రెండు విశేషాలు జరిగాయి. సిరోంచ తాలూకా పోచంపల్లి దగ్గర తవ్వి తీసిన రాక్షసబల్లికి శాస్త్రవేత్తలు ‘బరపాసారస్ టాగోరై’ అని పేరు పెట్టి లోకానికి ప్రకటించారు. అదే ఏడాది అమెరికాలో కొడాక్ కంపెనీ ఇంజనీరు స్టీవెన్ సాసన్ మొట్టమొదటి డిజిటల్ కెమెరా చేశాడు. దాని బరువు 3.6 కిలోలు, స్పష్టత 0.01 మెగాపిక్సెల్. ఒక్క నలుపు తెలుపు బొమ్మ క్యాసెట్టులోకి ఎక్కడానికి 23 సెకన్లు పట్టేది. 15 కోట్ల ఏళ్లకు పైగా మట్టిలో పడి ఉన్న ఆ ఎముకలను కోల్‌కతాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు నిలబెడితే జనం ఇవాళ్టికీ తలెత్తి చూస్తున్నారు. డిజిటల్ కెమెరాకు అంతటి గౌరవం రాసిపెట్టి లేదు. ఏడాది తిరిగేసరికి దానికి దక్కే బిరుదు ‘పాత మోడల్’.

ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసే చోట, కాళేశ్వరానికి ఎదురుగా, మహారాష్ట్ర వైపు ఉంటుంది సిరోంచ. కాగితాలు మరాఠీలో నడుస్తాయి, బేరాలు తెలుగులో నడుస్తాయి. జిల్లా కేంద్రం గడ్చిరోలి సుమారు 200 కిలోమీటర్లు. అందుకని ఇక్కడి ఫొటోగ్రాఫర్‌కు కెమెరా కావాలంటే చంద్రాపూర్, నాగ్‌పూర్ ఒక దారి. వంతెన దాటి వరంగల్, కరీంనగర్, ఇంకా తెగిస్తే హైదరాబాద్ కోఠి ఇంకో దారి. ఈ రెండు దారులకంటే దగ్గరి దారి మూడోది కూడా ఉంది. పక్క ఊరి ఫొటోగ్రాఫర్ తన కొత్త కెమెరాను ఎప్పుడు అమ్ముతాడా అని కాచుకుని కూర్చోవడం.

ఎక్కువ రోజులు కూర్చోనక్కర్లేదు. ఫోన్‌లో ప్రకటన దిగనే దిగుతుంది: ‘షట్టర్ కౌంట్ నాలుగు వేలే. ఒక్క గీత లేదు. బాక్సు, బిల్లు, బెల్టు అన్నీ ఉన్నాయి. బెల్టు ఇంకా కవరులోనే ఉంది.’ అంటే ఇప్పటిదాకా నొక్కిన క్లిక్కులు నాలుగు వేలేనన్నమాట. పెళ్లి సంబంధాల్లో కూడా ఇంత శుభ్రమైన జాతకాలు దొరకవు. అమ్మడానికి కారణం అడిగితే మాత్రం జాతకం మారిపోతుంది.

“గింత కొత్తదాన్ని ఎందుకమ్ముతున్నవ్ తమ్మీ?”

“పైసలు అర్జెంటున్నయన్నా.”

పైసలు నిజంగానే అర్జెంటు. అంతకంటే రెట్టింపు ధర ఉన్న ఇంకో కెమెరా కొనడానికి. తర్వాతి పెండ్లిలో తమ్ముడి మెడలో అది వేలాడుతున్నప్పుడు అన్న చూడనట్టే ఉంటాడు. ఎందుకంటే అన్న మెడలో ఉన్నది తమ్ముడు అమ్మినదే.

ఇందులో తమ్ముడిని ఒక్కడినే తప్పు పట్టి లాభం లేదు. కెమెరా కంపెనీల లెక్కలు చూస్తే సంగతి తెలుస్తుంది. 2010లో ప్రపంచమంతటా కంపెనీల నుంచి బయటికి వచ్చిన డిజిటల్ కెమెరాలు 12 కోట్ల పైచిలుకు. 2020 నాటికి అవి కోటికి లోపు. మధ్యలో ఫోన్ వచ్చి చిన్న కెమెరాలన్నింటినీ మింగేసింది. కెమెరా లేనివాడు ఇక కెమెరా కొనడు, వాడికి ఫోన్ చాలు. మిగిలింది కెమెరా ఉన్నవాడే. వాడి చేతే మళ్లీ మళ్లీ కొనిపించాలి. వాడు మళ్లీ కొనాలంటే చేతిలో ఉన్నది ముందు అమ్ముకోవాలి. అంటే టోక్యోలో కొత్త మోడల్ విడుదల కావడానికి, సిరోంచలో పాత మోడల్ చేతులు మారడానికి చుట్టరికం ఉంది.

కంపెనీలు ఎంత ఓపిక పడతాయో చూడండి. నికాన్ 2012 సెప్టెంబరులో డి600 ప్రకటించింది. సరసమైన ధరకు పెద్ద సెన్సర్ ఉన్న ఫుల్ ఫ్రేమ్ కెమెరా దొరికిందని ఫొటోగ్రాఫర్లు ఎగబడ్డారు. కొన్నాక ఫొటోల్లో ఎడమ పైమూలన నల్లచుక్కలు కనబడసాగాయి. సెన్సర్ మీద నూనె, దుమ్ము చుక్కలు పడుతున్నాయని గోల మొదలైంది. పక్షుల ఫొటోల పిచ్చి ఉన్నవాళ్లకు ఇందులో ఒక సౌకర్యం: బెజ్జూరు అడవిలో పాలరాపు గుట్టదాకా పోకుండానే ఆకాశంలో రాబందులు ప్రత్యక్షం. దాదాపు 13 నెలలకు, 2013 అక్టోబరులో, కొత్త షట్టర్‌తో డి610 వచ్చింది. పేరులో పది పెరిగింది, ఫొటోలో చుక్కలు పోయాయి. డి600 పెట్టుకున్నవాళ్లకు మాత్రం అది అమ్ముడుపోవడమే గండమైంది. 2014 ఫిబ్రవరిలో నికాన్ దిగివచ్చి, వారంటీ దాటినా సరే, ఉచితంగా శుభ్రం చేసి షట్టర్ మారుస్తామని ప్రకటించింది. అప్పటికి చాలామంది కెమెరా అమ్ముకుని, చుక్కలను కూడా కొన్నవాడికే అప్పజెప్పేశారు.

ఏ తప్పూ చేయని కెమెరాకూ ఇదే గతి. సోనీ మొదటి ఎ7 2013 అక్టోబరులో వస్తే, ఎ7 మార్క్ 2 2014 నవంబరులో వచ్చింది. అదీ 13 నెలలే. కెమెరా అప్పు కిస్తీలు సగమైనా తీరని వ్యవధి.

సిరోంచలో కాలాన్ని కొలవడానికి మంచి కొలబద్ద ఉంది: ప్రాణహిత పుష్కరాలు. 2010 డిసెంబరులో ఒకసారి, 2022 ఏప్రిల్ 13 నుంచి 24 వరకు మరోసారి వచ్చాయి. మొదటి పుష్కరాల నాటికి నికాన్ డి7000 అప్పుడే మార్కెట్లోకి వచ్చింది, 16 మెగాపిక్సెళ్లు. మళ్లీ పుష్కరాలు వచ్చేలోపు దాని తర్వాత మూడు తరాలు గడిచిపోయాయి: 2013లో డి7100, 2015లో డి7200, 2017లో డి7500. మధ్యలో 24కు ఎగబాకిన మెగాపిక్సెళ్లు చివరికి 21కి దిగాయి. పెరిగినప్పుడు దాన్ని అప్‌గ్రేడ్ అన్నారు, తగ్గినప్పుడూ అప్‌గ్రేడే అన్నారు. ఇక పుష్కరాల కోసమే కెమెరా కొన్నవాడి సంగతి వేరు. 12 రోజులు ఘాటు మీద జనాన్ని తీస్తాడు. పదమూడో రోజు లెక్క వేసుకుంటే, మళ్లీ ప్రాణహిత పుష్కరాలు రావాలంటే దాదాపు 12 ఏళ్లు ఆగాలి.

డి7500 గురించి ఇంకో మాట. అంతకుముందు మోడల్‌లో మెమరీ కార్డుకు రెండు స్లాట్లు ఉండేవి, ఇందులో ఒకటి పీకేశారు. పూలు, చెట్లు తీసుకునేవాడికి ఇది పట్టదు. పెండ్లి ఫొటోగ్రాఫర్‌కు ప్రాణసంకటం. జీలకర్ర బెల్లం పెట్టే ఘడియలో కార్డు మొరాయిస్తే, “పంతులుగారూ, ఇంకొక్కసారి” అనడానికి లేదు. రెండో కార్డు ఉంటే అక్కడ నకలు పడుతుంది. నికాన్ 2018లో జెడ్6 తెచ్చినప్పుడూ ఒకే స్లాట్ పెట్టి తిట్లు తిన్నది. 2020లో జెడ్6 మార్క్ 2 తెచ్చి రెండు పెట్టింది. దాంతో జెడ్6లు చక్కగా తుడిచిన బాక్సుల్లో బయటికి వచ్చాయి. వాటిలో చెడిపోయిందంటూ ఏమీ లేదు, ఒక సందు తక్కువ, అంతే.

అసలు చిక్కు లెన్సుల దగ్గర ఉంది. కెమెరా బాడీ కొనడమంటే ఒక్క మనిషిని ఇంటికి తెచ్చుకోవడం కాదు, లెన్సులనే ఊరెడు చుట్టాలతో వియ్యమందడం. లెన్సును బాడీకి బిగించే పట్టు పేరు మౌంట్. నికాన్ ఎఫ్ మౌంట్ 1959 నాటిది, కెనాన్ ఈఎఫ్ మౌంట్ 1987 నాటిది. తరతరాల బంధుత్వాలు. 2018లో అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాల కోసం నికాన్ జెడ్ మౌంట్, కెనాన్ ఆర్‌ఎఫ్ మౌంట్ నెల రోజుల లోపు తేడాలో వచ్చి ఆ చుట్టరికాలన్నీ తెంపేశాయి. అంతకు కొద్ది నెలల ముందే అద్దం ఉన్న డీఎస్ఎల్ఆర్ కొన్నవాడి మొహం చూడాలి. అడాప్టర్ పెట్టుకుంటే పాత లెన్సులు పనిచేస్తాయి, నిజమే. కానీ నికాన్ ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌లో ఫోకస్ మోటారు లేదు. చవకగా దొరికి పెండ్లి ఇళ్లలో నమ్మకంగా చాకిరీ చేసిన 50 ఎంఎం 1.8డి లెన్స్ దాని మీద ఎక్కితే, ఫోకస్ చేత్తో తిప్పుకోవాల్సిందే. బరాత్‌లో డ్యాన్సు చేసే బావమరిదిని చేత్తో ఫోకస్ చేయడం ఎంత పనో చేసినవాడికే తెలుస్తుంది.

బరువు తగ్గుతుందని మిర్రర్‌లెస్‌కు మారేవాళ్లు ఇంకో రకం. సోనీ ఎ7 మార్క్ 3 బాడీ 650 గ్రాములే. సంబరపడి దానికి తగ్గ మొదటి తరం 24-70 జీమాస్టర్ లెన్స్ తగిలిస్తే అదొక్కటే 886 గ్రాములు. బాడీలో మిగిలిన బరువును లెన్సులో వడ్డీతో కట్టించుకున్నారు.

ఇక అడవి. పాలరాపు గుట్ట కొండచరియల్లో గూళ్లు కట్టుకున్న పొడుగు ముక్కు రాబందులు, కమలాపూర్ వైపు కోలమార్క అడవిలో మిగిలిన అడవి బర్రెలు ఈ సరిహద్దులో ప్రతి ఫొటోగ్రాఫర్‌నూ ఎప్పుడో ఒకప్పుడు ఊరిస్తాయి. ఊరించినవాటి కోసం ఫుల్ ఫ్రేమ్ కెమెరా కొంటాడు. తీరా పోయి చూస్తే 500 ఎంఎం లెన్సులో కూడా రాబందు ఈగంత. ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ 36 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది కాబట్టి చరియంతా పడుతుంది, పక్షి ఒక మూలన ఉంటుంది. చిన్నదైన ఏపీఎస్-సి సెన్సర్ మీద అదే లెన్స్ 750 ఎంఎం చూపు చూస్తుంది. ఈ లెక్క తెలిసిన మర్నాడు ఫుల్ ఫ్రేమ్ అమ్మకానికి వస్తుంది. ఏపీఎస్-సి కొన్నాక సాయంకాలం వెలుతురు తగ్గినప్పుడు ఫొటోలో ఇసుక చల్లినట్టు నాయిస్ వస్తుంది. ఈ లెక్క తెలిసిన మర్నాడు అదీ అమ్మకానికి వస్తుంది. అడవి బర్రెలకు ఈ వ్యాపారంతో ఏ సంబంధమూ లేదు, కమీషనూ లేదు.

ఇవన్నీ దాటినా గ్రహాలు ఉన్నాయి. 2024 వేసవిలో శుక్ర మూఢం, గురు మూఢం ఒకదాన్నొకటి అందుకోవడంతో మే, జూన్ నెలల్లో ముహూర్తాలు లేకుండా పోయాయి. పెండ్లి డేట్లు లేవు, అడ్వాన్సులు లేవు. కిస్తీకి మాత్రం మూఢం పట్టదు, ఐదో తారీకున ఠంచనుగా వస్తుంది. అటువంటప్పుడు మూడు పెండ్లిళ్ల కెమెరా నాలుగో పెండ్లి చూడకుండానే చేతులు మారుతుంది. ‘పైసలు అర్జెంటు’ అన్న మాట అక్షరాలా నిజమయ్యేది ఒక్క ఈ కాలంలోనే.

గ్రహాలకు తోడు ప్రభుత్వం. డిజిటల్ కెమెరాల మీద 28 శాతం ఉన్న జీఎస్టీని 2019 జనవరి 1 నుంచి 18 శాతానికి తగ్గించారు. కంపెనీ ధర లక్ష అనుకుంటే, డిసెంబరులో లక్షా ఇరవై ఎనిమిది వేలకు కొన్నవాడి పక్క స్టూడియోలో జనవరిలో అదే కెమెరా లక్షా పద్దెనిమిది వేలు. మొదటివాడు సెకండ్ హ్యాండ్‌లో అమ్మబోతే, ‘కొత్తదే ఇంతకొస్తుంది కదా అన్నా’ అంటారు. దేశానికి మేలు జరిగినందుకు ఆయన సంతోషించాలో వద్దో ఎవరూ చెప్పలేదు.

నియమం ఇంత గట్టిగా ఉన్నచోట మినహాయింపు కూడా ఉండాలి. ఫ్యూజీఫిల్మ్ 2020 ఫిబ్రవరిలో ఎక్స్100వి అనే చిన్న కెమెరా తెచ్చింది. లెన్స్ మార్చడానికి వీల్లేదు, జూమ్ లేదు. రెండేళ్ల తర్వాత టిక్‌టాక్ కుర్రకారు దాని మీద మనసు పారేసుకున్నారు. కొత్తవి దొరకడం మానేసి, వాడినవి కొత్త ధరకంటే ఎక్కువకు పోయాయి. 2024 ఫిబ్రవరిలో ఎక్స్100 సిక్స్ వచ్చేదాకా ఆ వేడి తగ్గలేదు. కెమెరా వాడుకుని లాభానికి అమ్ముకున్న అరుదైన భాగ్యవంతులు వీళ్లు. సిరోంచలో బ్యాండుమేళం మధ్య జూమ్ లేని కెమెరాతో నిలబడేవాడెవడూ లేడు కాబట్టి ఆ లాభం ఈ ఊరిదాకా రాలేదు.

ఊరికి వచ్చిన లాభం వేరే ఉంది. డి7500 షట్టర్‌ను లక్షన్నర క్లిక్కుల దాకా కంపెనీ పరీక్షించింది, ఎ7 మార్క్ 3ది రెండు లక్షలు. లక్షన్నరలో నాలుగు వేలంటే మూడు శాతం కూడా కాదు. మొదటివాడు మోజు ఖరీదంతా కట్టేసి తప్పుకున్నాక, 97 శాతం ఆయుష్షు ఉన్న కెమెరా తక్కువ ధరకు గోదావరి దాటి వస్తుంది. జిల్లా కేంద్రం ఎంత దూరంలో ఉంటేనేం, కెమెరాల విషయంలో సిరోంచ నష్టపోయిందేమీ లేదు. కొత్త మోడల్ కొన్న తమ్ముడికంటే, వాడు అమ్మిన మోడల్ కొన్న అన్నదే తెలివైన బేరం.

అయితే అన్నలు కొన్ని చూసుకోవాలి. లెన్సును ఎఫ్16లో పెట్టి తెల్లటి ఆకాశాన్ని ఒక ఫొటో తీయండి, చుక్కలుంటే అందులోనే దొరుకుతాయి. షట్టర్ కౌంట్ నోటిమాటగా వినకండి, వీలైతే ఫొటో ఫైలు నుంచి చదవండి. బిల్లు మీది సీరియల్ నంబరు, బాడీ అడుగున ఉన్న నంబరు ఒకటేనేమో చూడండి. వారంటీ లెక్క మొదటి బిల్లు తేదీ నుంచే గాని మీరు డబ్బు కట్టిన తేదీ నుంచి కాదు.

తమ్ముళ్లకు ఒకటే మనవి. కెమెరా ఇచ్చేటప్పుడు కార్డు తీసుకోండి, తీసుకోకపోతే ఫార్మాట్ అయినా చేయండి. నాలుగు వేల క్లిక్కుల్లో మూడు వేలు మీ ఇంటి గోడ, మీ పిల్లి, మీ బండి నంబరు ప్లేటని కొన్నవాడికి తెలియనవసరం లేదు.