పులుసు మర్నాటి అధికరణం

మూలం: ఇక చేపల పులుసు మర్నాడే.

అవతారిక: ఏలూరు పుట్టిల్లుగా, తాడేపల్లిగూడెం మెట్టినిల్లుగా గల ఒక ఇల్లాలు ఆదివారం రాత్రి దాక దించి, మూకుడు మూసి ఈ సూత్రం పలికింది. పెనిమిటి అప్పటికే కంచం ముందు కూర్చున్నాడు.

ప్రతిపదార్థం: ఇక = అటుపిమ్మట; చేపల పులుసు = కొర్రమేను ముక్కలు గలది (కొల్లేటిదా, చెరువుదా అన్నది వేరే తగువు; ఆ సరస్సు హద్దు అయిదో కాంటూరని 1999లో అభయారణ్య సిద్ధాంతం వెలువడినా, మూడో కాంటూరనే పూర్వపక్షం ఇంకా బతికే ఉంది); మర్నాడే = తెల్లవారితే గాని కాదు.

వ్యాఖ్య: ‘ఇక’ అంటే దేని తరువాత? బ్రహ్మసూత్రాల మొదటి మాట ‘అథ’కూ ఇదే గతి పట్టింది. సాధన చతుష్టయం కుదిరాక అన్నారు శంకరులు. కర్మవిచారం అయ్యాక అన్నారు రామానుజులు. ఇక్కడ ముక్కకు పులుపు పట్టాక అని ఏలూరు శాఖ. ఉల్లిముద్ద పులుసులో కలిసిపోయాక అని గూడెం శాఖ. ఉల్లిపాయల మార్కెట్టున్న ఊరు ఇంకోలా ఎందుకంటుంది?

విచారం: మీమాంసకుల అధికరణానికి విషయం, సంశయం, పూర్వపక్షం, సిద్ధాంతం, సంగతి అని అయిదు అంగాలు. విషయం దాకలో ఉంది. ఇప్పుడా రేపా అన్నది సంశయం. పూర్వపక్షాన్ని నీరసంగా చెప్పడం భాష్యకారుడికి తగదు, ఎదుటివాడికి తోచని యుక్తిని కూడా తానే అందించి మరీ ఖండించాలి. కాబట్టి పెనిమిటి తరఫున: ఆకలి ప్రత్యక్షం, రేపటి రుచి అనుమానం. పైగా రేపు సోమవారం, అత్తగారు నీచు ముట్టరు. విధికి నిషేధం అడ్డు.

సిద్ధాంతం: సోమవారం నియమం అత్తగారిది, పులుసు తినేది మీరు, ఒకరి వ్రతం ఇంకొకరి కంచానికి అంటదు. ఇక రుచి సంగతి మా అమ్మ చెప్పింది. ఆప్తవాక్యం కనుక నైయాయికులకు చాలు. ఆవిడకు ఎవరు చెప్పారో ఎవరికీ తెలియదు కనుక అపౌరుషేయం, మీమాంసకులకూ చాలు.

విశేషం: నైయాయికులు సిద్ధాంతాన్ని నాలుగు రకాలు చేశారు. మట్టిదాకలో పులుసు బాగుంటుందన్నది అందరూ ఒప్పుకునే సర్వతంత్రం. ‘మర్నాడే’ అన్నది ప్రతితంత్రం, ఆ శాఖ గడప దాటితే చెల్లదు.

చార్వాకుల సూత్రగ్రంథం మనకు దక్కలేదు. వాళ్ల వాదం 14వ శతాబ్దపు సర్వదర్శన సంగ్రహం లాంటి పరాయి పుస్తకాల్లో పూర్వపక్షంగానే మిగిలింది. ఈ ఇంటి చార్వాకుడు ఇంటర్ చదువుతున్నాడు, వాదానికే రాలేదు. సభ ముగిసి మూకుడు తీస్తే దాకలో తోకముక్క ఒక్కటే ఉంది. సిద్ధాంతం నిలవాలి గనుక దాన్నే మర్నాటికి ఉంచారు.