ఖాళీ కోటకు కొత్త ప్లాను

సైన్యం వదిలేసిన స్థావరాన్ని జనం వాడకానికి ఎట్లా మలచాలన్నది పెద్ద దేశాల్లో పెద్ద శాస్త్రమట. మా మన్ననూరు దగ్గర ఆ చిక్కు 1323లోనే వచ్చిపడింది. ఓరుగల్లు కూలింది, ప్రతాపరుద్రుణ్ని ఢిల్లీ సైన్యం పట్టుకుపోయింది. నల్లమల గుట్ట మీద ఆయన పేరు మోస్తున్న కోటకు జీతగాడైన కాపలావాడు కరువయ్యాడు. అప్పట్నుంచి స్థలం 'ఖాళీ'.

ప్లాను గీసేవాళ్ల నిఘంటువులో ఖాళీ అంటే పట్టా లేనివాళ్లు బతికే చోటు. చెంచులు చరియలకు తాడు కట్టుకుని దిగి తేనెపట్టు కోసుకొస్తారు. ఆ తాడు ఏ మ్యాపులోనూ పడదు. 2019లో యురేనియం సంగతి వచ్చినప్పుడైతే నల్లమల పైన ఖాళీ, కింద నిండు. జనం తిరగబడితే సెప్టెంబరులో శాసనసభ తవ్వకాలు వద్దని తీర్మానించింది. అది వేరే ప్లాను లెండి.

కోటను వాడకంలోకి తేవాలనగానే మనవాళ్లకు తట్టేవి మూడే: రోప్‌వే, ఫుడ్‌కోర్టు, సౌండ్ అండ్ లైట్ షో. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర గేటు పడుతుందన్న సంగతి ప్లానుకు పట్టదు. షో అయ్యాక జనం ఎటు పోవాలి? లోపల పులులున్నాయి, తోడుంటాయి. ప్లాస్టిక్ నిషేధించిన అడవి మరి, నీళ్ల సీసా గేటు దగ్గరే ఆగిపోతుంది. ప్లాను కాగితాల ప్లాస్టిక్ ఫోల్డరు మాత్రం సారు చంకలో భద్రంగా లోపలికొస్తుంది.

గద్వాల కోట చూడండి. సంస్థానం పోయింది, కోటలో డిగ్రీ కాలేజీ వచ్చింది. ఒకప్పుడు సిపాయిలు తిరిగిన చోట పిల్లలు ఇంటర్నల్ మార్కుల గురించి తిట్టుకుంటూ తిరుగుతున్నారు. వనపర్తి రాజావారి భవనంలో 1959లో పాలిటెక్నిక్ పెట్టారు. కన్సల్టెంటు అనే జాతి అప్పటికింకా పాలమూరు పొలిమేర దాటి రాలేదు కాబట్టి పని జరిగిపోయింది.

మా కోటకు ప్లాను గీసే బృందం మాత్రం రాత్రి ఎనిమిదిన్నరకే లేస్తుంది, గేటు భయం. పోతూ పోతూ రోడ్డు పక్కన ఒక చెంచు ముసలమ్మ దగ్గర కారాపి, తేనె సీసాను హెడ్‌లైటు వెలుగులో అటూ ఇటూ తిప్పి చూస్తారు.

"అమ్మా, ఇది ఈ గుట్టదేనా, బయట్నుంచి తెచ్చిందా?"