ఓజోనైతే ఏ గొడవా లేదు

మా బీరువాలో పదకొండు శాలువాలున్నాయి. మా ఆవిడ వాటిని రంగునుబట్టి కాక సమస్యనుబట్టి సర్దింది. జరీ అంచుది నీటి పొదుపు. మెరూన్‌ది మాదకద్రవ్యాలు. పసుపుది ఆడపిల్ల చదువు. ఆకుపచ్చవి మూడున్నాయి, మూడూ మొక్కలే. కాలేజీవాళ్ళు పిలుస్తారు, నేను వెళ్ళి నలభై నిమిషాలు మాట్లాడతాను, వాళ్ళు కప్పుతారు, నేను ఇంటికొస్తాను. గుమ్మంలోనే అడుగుతుంది: "ఏమండీ, ఇవాళ ఏ సమస్య కప్పుకొచ్చారు?"

అంచేత ఈ కేసులో నేను సాక్షిని కాను, ముద్దాయిల్లో ఒకణ్ణి. అప్రూవరుగా మారాననుకోండి.

విద్యార్థుల్లో సామాజిక స్పృహ, ఆర్థిక అవగాహన, పర్యావరణ చైతన్యం కలిగించాలని మన కాలేజీలు కంకణం కట్టుకున్నాయి. కంకణం తర్వాత కట్టేది ఫ్లెక్సీ. ఫ్లెక్సీ లేని సమస్యను మన విద్యాసంస్థలు సమస్యగా లెక్కించవు. దాని వాస్తు ఇలా ఉంటుంది. పైన ఎడమవైపు చైర్మన్ గారు, కుడివైపు కరస్పాండెంట్ గారు, మధ్యలో పూలదండతో వాళ్ళ నాన్నగారు. కింద ప్రిన్సిపాల్. ఓ మూల రెండు అరచేతుల్లో భూగోళం, దానిమీద రెండాకుల మొలక. భూగోళం ఎట్టి పరిస్థితుల్లోనూ చైర్మన్ గారి తలకాయకంటే పెద్దది కాకూడదు.

ఒకసారి "ప్లాస్టిక్‌ను తరిమికొడదాం" అన్న ఫ్లెక్సీ కిందే నన్ను కూర్చోబెట్టారు. 2022 జూలై 1 నుంచి వంద మైక్రాన్లలోపు పీవీసీ బ్యానర్లు దేశమంతటా నిషేధం. మా నెత్తిమీద ఊగుతున్నది ఎన్ని మైక్రాన్లో తేల్చడం పెద్ద కష్టమేం కాదు. ఇంటర్లో మనమంతా తిప్పిన స్క్రూగేజి పది మైక్రాన్లదాకా కొలుస్తుంది. అది ఫిజిక్స్ ల్యాబులో ఉంది. ల్యాబుకి తాళం ఉంది. తాళంచెవి ఉన్న అటెండరు బయట మెయిన్ రోడ్డుమీద మానవహారంలో ఉన్నాడు. హారంవల్ల ఆగిపోయిన ఆటోలూ లారీలూ ఇంజన్లు ఆపకుండా పొగ వదులుతుంటే, ఆ పొగలో పిల్లలు కుడిచెయ్యి చాచి వాయు కాలుష్యంమీద ప్రతిజ్ఞ చేస్తున్నారు.

అసలు కార్యక్రమం ఫోటో. మిగతాదంతా ఫోటోకి అటూ ఇటూ జరిగే తతంగం. మామూలు ఫోటో పనికిరాదు. ఫోన్లో జీపీఎస్ మ్యాప్ కెమెరా ఉండాలి. ఫోటో కింద చిన్న మ్యాపు, అక్షాంశం, రేఖాంశం, తేదీ, టైము పడాలి. పూర్వం మునులు తపస్సు చేస్తే దేవుడు ప్రత్యక్షమయ్యేవాడు. ఇప్పుడు అక్షాంశ రేఖాంశాలు ప్రత్యక్షమవుతాయి. అవి పడగానే కార్యసిద్ధి. ఫోటోలో నూట ఇరవై మంది ఉంటారు. నేను మైకు అందుకునేసరికి పద్దెనిమిది మంది. వాళ్ళయినా ఎందుకున్నారంటే అటెండెన్సు చివర్లో తీసుకుంటామని చెప్పారు కనక.

ఈ ఫోటోలు ఎక్కడికి పోతాయి? బెంగళూరుకి. అక్కడ 1994 నుంచి న్యాక్ అనే సంస్థ ఉంది. కాలేజీలకి గ్రేడులు ఇస్తుంది. దాని మూడో క్రైటీరియన్‌లో ఓ గడి: గత ఐదేళ్ళలో సమాజంకోసం ఎన్ని కార్యక్రమాలు చేశారు? అంకె వెయ్యాలి. దానివల్ల ఏమైందన్న గడి కూడా లేకపోలేదు, అన్యాయంగా మాట్లాడకూడదు. దాన్ని ఐదు వందల మాటలకు మించకుండా వర్ణించాలి. ఇంజినీరింగ్ కాలేజీల్లో కాల్పనిక సాహిత్యం బతకడం లేదని ఎవరన్నారో గాని, వాళ్ళు ఆ ఐదు వందల మాటలు చదవలేదు.

అంకెల పంట పండాలంటే పంచాంగం కావాలి. మార్చి 21 అడవులు, 22 నీళ్ళు, ఏప్రిల్ 22 భూమి, డిసెంబరు 24 వినియోగదారుడు. అన్నిటికన్నా పెద్ద పండగ జూన్ 5, పర్యావరణ దినం. అది వచ్చేసరికి చాలాచోట్ల పిల్లలు సెలవులకి ఊళ్ళో ఉంటారు. అయినా చైతన్యం ఆగదు. కుర్ర లెక్చరర్లు జీన్సు ప్యాంట్లు వేసుకుని వెనక వరసలో నిలబడతారు.

ఇన్ని శాలువాల అనుభవంతో నేనొక సూత్రం కనిపెట్టాను. సమస్య కాలేజీ గేటుకి ఎంత దూరంలో ఉంటే, దానిమీద చైతన్యం అంత ఉధృతంగా ఉంటుంది. అమెజాన్ అడవి తగలబడితే రంగోలీ. ధ్రువాల్లో మంచు కరిగితే ఫ్లాష్‌మాబ్. ఈ లెక్కన సర్వోత్తమమైన సమస్య ఓజోన్ పొర. సెప్టెంబరు 16 దాని దినం. 1987లో ఆ రోజునే మాంట్రియల్ ఒప్పందం మీద సంతకాలయ్యాయి. పొర ఎక్కువభాగం నేలకి పదిహేను నుంచి ముప్ఫయ్యయిదు కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. ఎంత తిట్టినా, ఎంత పొగిడినా, "అది మా బావమరిది వెంచరు" అని అక్కణ్ణుంచి ఎవడూ ఫోన్ చెయ్యడు. పైగా ఆ పొరకి పడ్డ చిల్లు మెల్లగా పూడుతోంది కూడా. మన పోస్టర్లవల్లేనని ఒక ప్రిన్సిపాల్ గారు వేదికమీద అంటే నేనే చప్పట్లు కొట్టాను.

దగ్గరి సమస్య వస్తే ఏమవుతుందో కూడా చూశాను. నీటి పొదుపుమీద పోస్టర్ల పోటీ. నేను జడ్జిని. అరవై పోస్టర్లలో యాభయ్యింటిలో ఒకటే బొమ్మ: కుళాయి, దానికింద చుక్క, చుక్కలో భూగోళం, భూగోళానికి కన్నీరు. ఒక సెకండియర్ పిల్ల మాత్రం వాళ్ళ హాస్టల్ వెనక గోడ గీసింది. ఆర్వో ప్లాంటునుంచి ఒక గొట్టం బయటికొచ్చి మురిక్కాలవలోకి పోతోంది. ఆ పిల్ల బకెట్టు పెట్టి కొలిచిందట. ఇరవై లీటర్ల క్యాను ఒకటి నిండేలోపు ఎన్ని బకెట్లు కాలవపాలవుతున్నాయో పక్కన పట్టిక వేసింది. ఆ నీళ్ళతో బాత్రూములు కడగొచ్చని, అందుకు కావలసింది ఇరవై అడుగుల పైపని కింద రాసింది. నేను ఒకటో నంబరు వేశాను. కోఆర్డినేటరు మేడం నా చెవిదగ్గర వంగి, "సార్, బొమ్మ బాగుంది గానీ థీమ్‌లో లేదు" అన్నారు. థీమ్ ఏమిటన్నాను. "నీరు సార్. ఇది హాస్టల్ కదా" అన్నారు. మొదటి బహుమతి ఏడుస్తున్న భూగోళానికి వెళ్ళింది. కింద జడ్జి సంతకం నాదే. వారం తర్వాత ఆ పిల్ల వాళ్ళ నాన్నకి కాలేజీనుంచి ఫోన్ వెళ్ళిందని, "మీ అమ్మాయి చదువుమీద శ్రద్ధ పెట్టడం లేదు" అన్నారని తెలిసింది. జరీ అంచు శాలువా ఆ రోజుదే.

చదువుమీద శ్రద్ధ అంటే గుర్తొచ్చింది. కాలేజీల్లో పర్యావరణ పాఠం పెట్టమని సుప్రీంకోర్టు 1991లో ఎం.సి. మెహతా కేసులో చెప్పింది. మళ్ళీ గట్టిగా చెబితే 2003 తర్వాత డిగ్రీల్లో ఆరు నెలల పాఠం తప్పనిసరి అయింది. మన జేఎన్‌టీయూ హైదరాబాద్ 2018 నాటి ఆర్18 సిలబస్‌లో అది భద్రంగా ఉండేది. పర్యావరణం: క్రెడిట్లు సున్నా. భారత రాజ్యాంగం: సున్నా. జెండర్ సెన్సిటైజేషన్ ల్యాబ్: సున్నా. గాలి, చట్టం, ఆడమనిషి గౌరవం మూడూ కలిపినా ఒక్క క్రెడిట్ కాదు. ఆ సున్నాలో ఉన్న నిజాయితీ మా ఉపన్యాసాల్లో లేదు.

ఆర్థిక చైతన్యం సంగతి త్వరగా ముగిద్దాం. బ్యాంకు మేనేజరు వచ్చి చక్రవడ్డీ గురించీ లోన్ యాపుల గురించీ చెబుతాడు. హాల్లో కూర్చున్న ఫైనలియర్ కుర్రాడి బాధ చక్రవడ్డీ కాదు. సర్కారు రీయింబర్స్‌మెంట్ రాలేదు కాబట్టి ఫీజు నువ్వే కట్టి సర్టిఫికెట్లు తీసుకుపో అంటున్న ఆఫీసు కౌంటరు. ఒరిజినల్ సర్టిఫికెట్లు అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పిందన్న ముక్క ఏ ఆర్థిక అక్షరాస్యత వారోత్సవంలోనూ నేను వినలేదు. 2025లో తెలంగాణ ప్రైవేటు కాలేజీలు అవే బకాయిలకోసం గేట్లు మూసి బంద్ చేశాయి. తప్పేం లేదు, రావలసిన డబ్బు అడగాలి. యాజమాన్యం గేటు మూస్తే అది ఆవేదన, పిల్లవాడు గేటుముందు కూర్చుంటే క్రమశిక్షణారాహిత్యం అన్న తేడా ఒక్కటే నాకు అంతుబట్టలేదు.

ఇక దత్తత. ఉన్నత్ భారత్ అభియాన్ కింద కాలేజీ ఐదు ఊళ్ళను దత్తత తీసుకోవాలి. మన ధర్మశాస్త్రంలో దత్తపుత్రుడికి ఆస్తిలో వాటా ఉంటుంది. దత్తగ్రామానికి ఉండేది సర్వే ఫారం. ఒకసారి పిల్లలతో కలిసి రంగారెడ్డి వైపు ఓ ఊరికి వెళ్ళాను. అరుగుమీద కూర్చున్న అవ్వ మా బస్సు చూసి, "పోయిన్నెల వచ్చినోళ్ళు మీరేనా, వేరేటోళ్ళా?" అంది. ఆ ఊరికి అప్పటికే ముగ్గురు తండ్రులున్నారని తెలిసింది. ఓ కుర్రాడు ఫారం తెరిచి, "అవ్వా, మీ ఇంట్లో మరుగుదొడ్డి ఉందా? నీళ్ళొస్తాయా?" అని మొదలుపెట్టాడు. అవ్వ అన్నిటికీ ఓపిగ్గా జవాబిచ్చి, "మరి మీ హాస్టల్ల నీళ్ళొస్తయా బిడ్డా?" అంది. వాడు నన్నోసారి చూసి, "పొద్దున రెండు గంటలొస్తయవ్వా" అన్నాడు. ఫారంలో ఆ జవాబు రాయడానికి గడి లేదు. అవ్వ వాడికి చెంబుతో మంచినీళ్ళిచ్చింది.

చైతన్య కార్యక్రమాలన్నీ దండగని తేల్చేద్దామనుకుంటే దూబగుంట అడ్డొస్తుంది. నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడుస్తున్న రోజులు. అదీ ప్రభుత్వ కార్యక్రమమే. రాత్రిబడి, పలక, లాంతరు, వాచకం. కూలి చేసుకొచ్చిన ఆడవాళ్ళు కూర్చుని అక్షరాలు దిద్దారు. వాచకంలో ఒక పాఠం తాగుడు వల్ల కూలిన సంసారం గురించి. మన కాలేజీలో అయితే దానిమీద వక్తృత్వ పోటీ పెట్టేవాళ్ళం. వర్ధినేని రోశమ్మా, ఆమె తోటివాళ్ళూ పాఠం చదివి ఊళ్ళోని సారా కొట్టు దగ్గరికి నడిచారు. అదే సర్కారు ఒక చేత్తో పలక ఇస్తూ, రెండో చేత్తో వారుణివాహిని పేరుతో సారా ప్యాకెట్లు అమ్మించింది. ఆ చెయ్యే పట్టుకున్నారు వాళ్ళు. సారా వ్యతిరేక ఉద్యమం 1990ల మొదట్లో అలా మొదలైంది, వేలంపాటలు ఆగాయి, జిల్లాలకి జిల్లాలు అంటుకున్నాయి. 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది, 1995లో సంపూర్ణ మద్య నిషేధం. అది ఎంతకాలం నిలిచింది అంటారా, అది వేరే కథ, ఇంకో శాలువా. నేను చెప్పేది పాఠానికీ సారా కొట్టుకీ మధ్య ఉన్న దూరం గురించి. నడిచి వెళ్ళేంత దూరం. పదిహేను కిలోమీటర్ల ఎత్తు కాదు.

ఆ దూరం సున్నా అయితే ఏమవుతుందో 2025 ఉగాది నాడు చూశాం. అంతకు రెండు వారాల ముందు, మార్చిలోనే, ఉస్మానియా విశ్వవిద్యాలయం తన ఆవరణలో ధర్నాలూ నినాదాలూ కుదరవని సర్క్యులర్ ఇచ్చింది. 1969లో అక్కడి పిల్లలు వీధుల్లోకి వచ్చి తెలంగాణ అడిగిన చోటు అది. చిత్రమేమిటంటే కాలేజీల్లోని జాతీయ సేవా పథకం, ఎన్‌ఎస్‌ఎస్, పుట్టిందీ అదే ఏడాది, సెప్టెంబరు 24న. ఎన్‌ఎస్‌ఎస్‌లో ఏడాదికి 120 గంటల సేవ చెయ్యాలి. 1969లో వాళ్ళు ఎన్ని గంటలు చేశారో ఎవరూ రిజిస్టరులో రాయలేదు.

మార్చి 30, ఉగాది, ఆదివారం. కంచ గచ్చిబౌలిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీని ఆనుకున్న నాలుగు వందల ఎకరాల్లోకి జేసీబీలు వచ్చాయి. పిల్లలు అడ్డం వెళ్ళారు. న్యాక్ ఫారం పట్టుకుని ఆ కార్యక్రమాన్ని మూల్యాంకనం చేద్దాం. చీఫ్ గెస్ట్: పోలీసులు. రవాణా సౌకర్యం: వ్యాను, ఉచితం. పాల్గొన్నవారి జాబితా: స్టేషన్లో ఉంది. ఫోటోలు, వీడియోలు: పుష్కలం, వాటిలో కొందరు ఉత్సాహవంతులు ఏఐతో చేసిన నెమళ్ళూ జింకలూ కలిపి సర్కారుకి పనికొచ్చే సాకు ఇచ్చిన మాటా నిజం. ఫలితం, ఐదు వందల మాటలకు మించకుండా: ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపమంది. అప్పటికి దాదాపు వంద ఎకరాల పచ్చదనం పోయిందని హైకోర్టు రిజిస్ట్రార్ నివేదిక చెప్పింది. తర్వాత పిల్లలమీద కేసులు వెనక్కి తీసుకోమని ఉపముఖ్యమంత్రి చెప్పారు. నాలుగు వందలకు పైగా మాటలు మిగిలిపోయేంత చిన్న నివేదిక. సర్టిఫికెట్ ఎవరికీ రాలేదు. శాలువా అసలే రాలేదు.

అక్కడ నా శాలువాల్లో ఒక్కటీ లేదు, నేనూ లేను. ఉగాది కదా, పొద్దున ఇంట్లో పచ్చడి, సాయంత్రం ఓ కాలేజీలో కవిసమ్మేళనం. వసంతం గురించీ కోయిల గురించీ చదివాను. కోయిల మేం కూర్చున్న ఏసీ హాలుకి వినపడలేదు గాని, ఆ పద్యానికి బాగా చప్పట్లు పడ్డాయి.

మొన్న మళ్ళీ ఫోన్ వచ్చింది. ఊరి చివర ఓ ఇంజినీరింగ్ కాలేజీ, ఎన్‌ఎస్‌ఎస్ ప్రోగ్రాం ఆఫీసరు. కుర్రవాడు, గొంతులో మర్యాద ఉంది.

"నమస్తే సార్. పర్యావరణ పరిరక్షణలో యువత పాత్ర అని పెట్టుకున్నాం సార్. మీరు రావాలి."

"తప్పకుండా బాబూ. గచ్చిబౌలి గురించి చెబుతాను. యువత పాత్రకి అంతకన్నా..."

అవతల కాసేపు నిశ్శబ్దం. వెనక ఎవరితోనో మాట్లాడినట్టు వినిపించింది.

"సార్, మా చైర్మన్ గారికి అటువైపు వెంచర్లున్నాయి సార్. ఇంకేదైనా... పోనీ డేటు మారుద్దామా సార్? సెప్టెంబరు 16న ఓజోన్ డే ఉంది. ఓజోనైతే ఏ గొడవా లేదు."

డైరీ తీశాను. పదహారు ఖాళీగానే ఉంది. వస్తానని చెప్పి, శాలువా ఏ రంగని అడిగాను. నీలం అన్నాడు. మా బీరువాలో నీలం ఇంకా లేదు.