మైనస్ బటన్ అరిగిన క్యాలిక్యులేటర్ ఆత్మకథ

నేను పన్నెండంకెల క్యాలిక్యులేటర్ని. నా బటన్లన్నింటి మీదా అచ్చు ఇంకా కనిపిస్తుంది, ఒక్క మైనస్ మీద తప్ప. అది అరిగి నున్నగా అయింది. ఎందుకు అరిగిందో చెబితే నా కథ చెప్పినట్టే.

నా కొలువు మొదలైంది గద్వాలలో, ఒక సీడ్ ఆర్గనైజర్ ఆఫీసులో. గద్వాల అంటే బయటివాళ్లకు చీరలు గుర్తొస్తాయి. అయిజ, మల్దకల్, ధరూర్, గట్టు వైపు వాళ్లకు సీడ్ పత్తి గుర్తొస్తుంది. పూతకాలంలో పువ్వు పువ్వుకూ చేత్తో క్రాసింగ్ చేయించి రైతు విత్తనం తీస్తాడు. కంపెనీకీ అతనికీ నడుమ ఆర్గనైజర్ ఉంటాడు. పెట్టుబడికి అడ్వాన్సు అతనే ఇస్తాడు, సెటిల్మెంటూ అతనే చేస్తాడు. ఆ రోజు ముందుగా నాలో పెద్ద అంకె పడేది. తర్వాత అడ్వాన్సు మైనస్, దాని వడ్డీ మైనస్, మందుల బాకీ మైనస్, పరీక్షలో ఫెయిలైన విత్తనం మైనస్. కౌంటర్ అవతల రైతు టవల్ భుజాన సర్దుకుని ఒకటే అడిగేవాడు: "ఇంతకీ చేతికెంతొస్తాది సారూ?"

2016 అక్టోబర్ 11న పాలమూరు జిల్లా విడిపోయింది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వేటికవే జిల్లాలయ్యాయి. నన్ను నొక్కే గుమాస్తాగారిది వనపర్తి. జిల్లా ఆఫీసులొస్తే జీతగాళ్లూ వస్తారని లెక్కేసుకుని, ఆర్గనైజర్ దగ్గర మానేసి సొంతూళ్లో ట్యాక్స్ గది తెరిచారు. రాజావారి ప్యాలెస్‌లో నడిచే పాలిటెక్నిక్ దారిలోనే మా గది. వస్తూ వస్తూ నన్నూ తెచ్చుకున్నారు.

జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఆయన సంచిలో బస్సెక్కి నాగర్‌కర్నూల్ వెళ్లేవాణ్ణి. ఏడాది పన్నులో బాకీ అంతా ఫిబ్రవరి జీతంలో కోసేస్తారు కనుక టీచర్లకు ఆ నెలంటే గుబులు. ఒకప్పుడు ఎల్ఐసీ రసీదులు, పిల్లల ఫీజు రసీదులు కట్టలు కట్టలుగా తెచ్చేవాళ్లు. కొత్త పన్ను విధానంలో వాటితో పని లేదు. జీతగాళ్లకు 75,000 స్టాండర్డ్ డిడక్షన్ తీసేస్తారు. 2025-26 నుంచి, మిగిలిన ఆదాయం 12 లక్షలు దాటకపోతే పన్నే లేదు.

ఇక ఈమధ్య సంగతి. ఒకనాడు గద్వాల కౌంటర్ దగ్గర నేను చూసిన పెద్దాయనే మా గదికొచ్చాడు, వెంట హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ చేసే కొడుకు. కొత్త కంపెనీ, ముప్పై లక్షల ప్యాకేజీ.

"ముప్పై లక్షలంటే నెలకు రెండున్నర గదా సారూ. వీడేమో లక్షా డెబ్బై కూడా పడలేదంటడు. ఎనభై వేలు యాడికి పోతున్నయి?"

"ముప్పై పర్సెంట్ స్లాబ్‌లో పడ్డాను నాయినా, మూడోవంతు గవర్నమెంటుకే పోతుంది," అన్నాడు కొడుకు.

సారు మాట్లాడలేదు. ఆఫర్ లెటర్, పే స్లిప్ పక్కపక్కన పరిచి నన్ను దగ్గరికి లాక్కున్నారు. 2,50,000 కొట్టారు. వేరియబుల్ పే ఏడాదికి 3 లక్షలు, అది నెలనెలా రాదు: మైనస్ 25,000. బేసిక్ లక్ష, దాని మీద కంపెనీ కట్టే పీఎఫ్ 12 శాతం: మైనస్ 12,000. గ్రాట్యుటీ 4.81 శాతం: మైనస్ 4,810. ఇవన్నీ ప్యాకేజీలో ఉంటాయి, జీతంలో ఉండవు. అసలు నెల జీతం 2,08,190 అని నా తెర మీద తేలింది.

అక్కణ్ణుంచి కొడుకు వాటా పీఎఫ్ 12,000, వృత్తి పన్ను 200 తీశారు. మిగిలింది ఆదాయ పన్ను. నెల జీతాన్ని పన్నెండుతో హెచ్చవేసి, స్టాండర్డ్ డిడక్షన్ తీసేస్తే 24,23,280. మొదటి 4 లక్షలకు పన్ను లేదు. ఆపైన ప్రతి 4 లక్షలకూ వరుసగా 5, 10, 15, 20, 25 శాతం. 24 లక్షల దాకా కలిపితే సరిగ్గా 3 లక్షలు.

"ఇక నీ ముప్పై శాతం చూద్దాం బాబూ," అన్నారు సారు. 24 లక్షలు దాటింది 23,280 మాత్రమే. దాని మీద 6,984. మొత్తానికి 4 శాతం సెస్ కలిపితే ఏడాదికి 3,19,263, నెలకు 26,605. జీతంలో పదమూడు శాతం కూడా కాదు. స్లాబ్ మారితే ఆ గీత దాటిన రూపాయలకే కొత్త రేటు, కింది రూపాయల జోలికి అది రాదు. పన్నుపడే ఆదాయం 50 లక్షలు దాటితే మాత్రం పన్ను మీద 10 శాతం సర్‌చార్జ్ పడుతుంది. కుర్రాడికి ఆ బెడద ఇంకా దూరం.

చివరికి నా తెర మీద 1,69,385 నిలిచింది.

పెద్దాయన ముందుకు వంగి చూశాడు. "అయితే ఎనభై వేలల్ల సర్కారుకు పోయేది ఇరవై ఏడు వేలేనా?"

"అంతే అన్నా. రెండు పీఎఫ్‌లూ కలిపి 24,000 వీడి పేరు మీదే పడుతున్నాయి. గ్రాట్యుటీ ఐదేళ్లు చేస్తే వస్తుంది. వేరియబుల్ మాత్రం కంపెనీ దయ. మొత్తం వచ్చినా 31.2 శాతం పన్ను పోను 2,06,400 చేతికొస్తుంది. కోసిన పన్ను జమ అయిందో లేదో ఫారం 26ఏఎస్‌లో చూసుకోవచ్చు."

పెద్దాయన పే స్లిప్ చేతిలోకి తీసుకుని, వేలితో ఒక్కో గీతా తడుముకుంటూ పోయాడు. "మాకు సెటిల్మెంట్ల ఇట్ల రాసిచ్చినోడు లేడు సారూ. నోటితోని చెప్పేది, మేం తలూపేది."

ఆ మాట నిజం. ఆ తీసివేతలు చేసింది నేనే. ఒక్కటీ కాగితం మీదికి ఎక్కలేదు. తెర చెరిపేస్తే అంతటితో సరి.

కొడుకు అప్పుడు అసలు పని బయటపెట్టాడు. నెలకు రెండున్నర వస్తుందనుకుని లక్షా పది వేల ఈఎంఐతో ఫ్లాట్ మాట్లాడుకున్నాడట. సారు నా మీద 1,69,385 లోంచి 1,10,000 తీశారు. 59,385 వచ్చింది. అందులోంచి ఇప్పుడున్న అద్దె, చిన్నదాని ఫీజు, కారు కిస్తు తీస్తూ పోతే అంకె ముందు మైనస్ గుర్తు పడింది.

"ఫ్లాట్ చిన్నది చూడు," అన్నాడు పెద్దాయన. "వేరియబుల్‌ను మా సీడ్ టెస్ట్ లెక్క అనుకో. పాసైతే పండుగ, దాన్ని నమ్మి మటుకు అప్పు చెయ్యకు."

కొడుకు అక్కడే బ్యాంకుకు ఫోన్ చేసి, ఈఎంఐ డెబ్బై వేలు దాటకుండా ఎంత లోన్ వస్తుందో అడిగాడు.