మనవాడు అనేవాళ్ళం

మా రోజుల్లో టెస్ట్ జట్టు ప్రకటిస్తే ముందు వెతికేది మనవాళ్ళ పేర్లు. మనవాడంటే మన ఊళ్ళో పుట్టినవాడని మాత్రమే కాదు. నిజాం కాలేజీ మైదానంలోనో, రోడ్డుకి అవతల ఫతే మైదాన్‌లోనో, ఏదో ఒక లీగ్ మ్యాచ్‌లోనో మనం కళ్ళారా చూసినవాడని. ఇప్పటి కుర్రాళ్ళకి కోహ్లీ ఏ పూట ఏం తింటాడో తెలుసు. తమ కాలేజీ జట్టు కెప్టెన్ ఎవరని అడగండి, తెల్లమొహం వేస్తారు.

1971లో వాడేకర్ నాయకత్వంలో వెస్టిండీస్ వెళ్ళిన జట్టులో హైదరాబాద్ వాళ్ళు ఐదుగురు. జయసింహ, ఆబిద్ అలీ, వికెట్ కీపర్ కృష్ణమూర్తి, జయంతిలాల్, గోవిందరాజ్. ఒక్క ఊరి నుంచి ఐదుగురు! ఆ టూర్‌లో నాలుగే టెస్టులాడి 774 పరుగులు చేసిన గవాస్కర్ కూడా మాకు కొత్తవాడు కాదు. బొంబాయి యూనివర్సిటీకి ఆడుతున్నప్పుడే ఇంటర్ యూనివర్సిటీ స్కోర్లలో ఆ పేరు చదివేవాళ్ళం. రోహింటన్ బారియా ట్రోఫీ అంటే మాకు అంత పట్టింపు. పేపర్లో ఆఖరి పేజీ మూలన చిన్న అక్షరాల్లో వేసినా వెతికి చదివేవాళ్ళం.

అదే ఏడాది ఆగస్టులో ఓవల్‌లో ఇంగ్లండ్‌ని వాళ్ళ గడ్డ మీద మొదటిసారి సిరీస్ ఓడించాం. చంద్రశేఖర్ ఆరు వికెట్లు తీశాడు. గెలుపు ఫోర్ కొట్టింది మన ఆబిద్ అలీ. ఇరానీ హోటల్లో రేడియో చుట్టూ మూగిన మాకు ఆ పేరు వినపడగానే పూనకం వచ్చింది. ముక్కూ మొహం తెలియని వాళ్ళు కావలించుకున్నారు.

జయసింహ గురించి చెప్పకుండా ఉండలేను. లేపిన కాలరు, మెళ్ళో పట్టు రుమాలు, క్రీజు దాకా ఆ నడక. ఆయన నడక చూడ్డానికే మ్యాచ్‌కి వెళ్ళినవాళ్ళు నాకు తెలుసు. 1968లో ఆస్ట్రేలియాకి మధ్యలో పిలిపిస్తే, విమానం దిగిన కొద్ది రోజులకే బ్రిస్బేన్‌లో 74, 101 చేశాడు. ఇండియా కెప్టెన్‌గా ఉన్న పటౌడీ మన రంజీ జట్టులో ఆయన కెప్టెన్సీ కింద ఆడాడు. ఇద్దరూ ఒకే జట్టులో మైదానంలోకి దిగుతుంటే చూసిన కళ్ళివి.

తర్వాత అజహరుద్దీన్. మొదటి మూడు టెస్టుల్లో మూడు సెంచరీలు, కలకత్తా, మద్రాస్, కాన్పూర్. దేశం నోరు వెళ్ళబెట్టింది. నిజాం కాలేజీ కుర్రాడిగా ఆ మణికట్టు చూసినవాళ్ళు మాత్రం, చెప్పలేదూ అన్నారు.

ఇప్పుడు అభిమానమంటే ఐపీఎల్ వేలంపాట మీద అభిమానం. హైదరాబాద్ పేరు పెట్టుకున్న జట్టులో హైదరాబాదీ కోసం భూతద్దం పట్టుకోవాలి. సిరాజ్‌ ఒక్క సీజన్ ఇక్కడ ఆడి బెంగళూరు వెళ్ళాడు, ఆ తర్వాత గుజరాత్. తిలక్ వర్మ ముంబైకి ఆడతాడు. మన కుర్రాడు అవుటవ్వాలని మన ఊరి స్టేడియంలోనే కేకలు వేస్తారు. ఉప్పల్‌లో ఆ కేకలు విని నాకు తిండి సహించలేదు.

ఆట తగ్గిందని నేననను. 2025 ఆగస్టులో అదే ఓవల్‌లో ఆఖరి వికెట్ తీసి సిరాజ్ ఆరు పరుగుల తేడాతో గెలిపించినప్పుడు టీవీ ముందు ఏడ్చాను. ఆబిద్ అలీ ఆ మార్చిలోనే పోయాడు, ఇది చూడలేదే అని కూడా ఏడ్చాను. పక్కనున్న మనవడు "ఆబిద్ అలీ ఎవరు తాతయ్యా?" అన్నాడు. ఇంజనీరింగ్ చదువుతున్నాడు, క్రికెట్ అంటే ప్రాణం పెడతాడు. వాళ్ళ కాలేజీ మ్యాచ్‌కి వెళ్దాం రారా అంటే, "అది ఏ యాప్‌లోనూ రాదు తాతయ్యా" అంటాడు. మైదానం వాడి క్లాసురూము వెనకే ఉంది!

హైదరాబాద్ 1987లో రంజీ గెలిచింది, మళ్ళీ గెలవలేదు. రాజకీయాలంటారు, డబ్బంటారు. అవీ నిజమే. కానీ కాలేజీ కుర్రాడు యాభై కొడితే చప్పట్లు కొట్టే నలుగురు కూడా గట్టున లేకపోతే, వాడు మర్నాడు పొద్దున్నే నెట్స్‌కి ఎవరి కోసం లేవాలి? మా రోజుల్లో క్లాసు ఎగ్గొట్టి వచ్చిన కుర్రాళ్ళూ, ఆఫీసు నుంచి జారుకున్న గుమాస్తాలూ, రిటైరైన పెద్దలూ గట్టు నిండా ఉండేవారు. ఎల్బీ తప్పు ఇచ్చాడని అంపైర్‌తో వాదించే ముసలాయన ఒకరు తప్పకుండా ఉండేవారు. ఇప్పుడు ఆ వయసు నాకొచ్చింది, వాదించడానికి నేను సిద్ధంగానే ఉన్నాను.

ఇంటర్ యూనివర్సిటీ పోటీలు ఇప్పటికీ జరుగుతున్నాయి. పత్రికల వాళ్ళు ఐపీఎల్ వేలానికి పేజీలు ఇస్తున్నారు కదా, ఉస్మానియా స్కోరుకి రెండు లైన్లు ఇవ్వండి. పేరు, ఇంటిపేరు, కాలేజీ, పరుగులు. అంతే చాలు, మిగతాది మేం వెళ్ళి చూసుకుంటాం.